మూడో బేరింగు

పోయినవారం చిన్నమేస్త్రీని షెడ్డు నడిమధ్యన, చేతిలో పొడుగు పానాతో, ఒళ్ళంతా చెమటతో వదిలి వచ్చాం. ఆమె ముందు స్టాండు మీద తలకిందులుగా బిగించిన ఇంజను ఉంది. పొద్దున చిటికెనవేలితో తిప్పితే తిరిగిన ఇంజను, ఆమె గ్యాస్కెట్ షీటు కొనుక్కుని మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బండరాయిలా బిగుసుకుపోయింది. ఇలా కావడం ఇది మూడోసారి. సరిగ్గా అప్పుడే లోపలికి అడుగుపెట్టిన డాక్టరమ్మ ఆ వైభవమంతా కళ్ళారా చూసింది.

"మీ నాన్నగారి పేరు చూసి బండి ఇచ్చాను. ఇక్కడ పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదని నాకెవరూ చెప్పలేదు. రేపు పొద్దున తొమ్మిదింటికి లారీ వస్తుంది. విప్పిన సామాను విప్పినట్టే ఎక్కించెయ్యండి," అని వెళ్ళిపోయింది.

ఆ బండి సంగతి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. గుండ్రటి దీపాలు, గుండ్రటి వీపు, నలుగురు సర్దుకుని కూర్చుంటే నిండిపోయే పాత చిన్నకారు. అందరూ దాన్ని బుడంకాయ అనేవాళ్ళు. అది డాక్టరమ్మ తండ్రిది. ఇరవై ఆరేళ్ళ కిందట కొండమీది ఆసుపత్రి నుంచి దిగుతూ మలుపులో గోతిలోకి దూకింది. పెద్దడాక్టరుగారు అక్కడికక్కడే పోయారు. బండి నడుపుతున్నది చిన్నమేస్త్రీకి సొంత మేనమామ. ఇంజను పట్టేసింది, చక్రాలు బిగుసుకుపోయాయి అని అతను మొత్తుకున్నాడు. అంతకు ఎనిమిది రోజుల ముందే ఆ ఇంజను విప్పి బిగించిన పెద్దమేస్త్రీ, అంటే చిన్నమేస్త్రీ తండ్రి, ఇంజనులో ఏ లోపమూ లేదని ఇన్‌స్పెక్టరుకి చెప్పాడు. డ్రైవరు నిద్రపోయాడని రాసేశారు. బండిని ఎవరూ విప్పి చూడలేదు. మేనమామ పద్దెనిమిది నెలలు జైల్లో ఉండి, ఒక కాలు ఈడ్చుకుంటూ బయటికొచ్చి, లేత్ షాపు పెట్టుకుని లేత్ మామయ్య అయ్యాడు.

ఇప్పుడు డాక్టరమ్మ తండ్రి ఆసుపత్రిని మళ్ళీ తెరుస్తోంది. అదే బండిలో, తనే నడుపుకుంటూ ఆ కొండ ఎక్కి దిగాలని పట్టుపట్టింది.

ఇదీ సంగతి.

డాక్టరమ్మ అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా చిన్నమేస్త్రీ కదల్లేదు. తర్వాత చేతిలో ఉన్న పానాని విసిరికొట్టింది. రేకుగోడ దద్దరిల్లింది.

గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దమేస్త్రీ ఉలిక్కిపడి పేపరు దించాడు. "కోపం పానా మీద చూపిస్తే ఎలాగే అమ్మాయ్?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు నాన్నా."

ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు ఇస్తే సగం నేలపాలు. రోజుకి మూడు మాత్రలు. పని మానేసినా షెడ్డు మానలేదు. పొద్దున వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే సాయంత్రం కూతురితోనే లేవడం.

చిన్నమేస్త్రీ ముక్కాలిపీట లాక్కుని ఇంజను ముందు కూర్చుంది. కోపం తగ్గలేదు గానీ, కోపంలోనే బుర్ర పనిచేయడం ఆమెకి చిన్నప్పటినుంచీ అలవాటు.

మొదటిసారి ఇంజను మొత్తం కట్టి, బండిలో దింపి, తాళం తిప్పితే స్టార్టరు మూలిగింది తప్ప ఇంజను కదల్లేదు. పిస్టన్ల కొత్త రింగులు బిగువుగా ఉన్నాయనుకుంది. రెండోసారి పిస్టన్లు లేకుండా ఇంజనులో తిరిగే ఇరుసుని, ఉత్త క్రాంకుని మాత్రమే బిగించి చూసింది. మర్నాటికి అదీ బిగుసుకుంది. అంటే రింగులు కాదు. ఇక మిగిలింది క్రాంకు. దాన్ని గ్రైండింగు చేసింది లేత్ మామయ్య. చిన్నమేస్త్రీ ఆ క్రాంకు భుజాన వేసుకుని అతని షాపు ముందుకెళ్ళి, వీధి వీధంతా వింటుండగా, "కళ్ళు మూసుకుని బండి నడిపావు, కళ్ళు మూసుకునే గ్రైండింగు కూడా చేశావా?" అని అడిగింది. అతను చేస్తున్న పని ఆపాడు. క్రాంకు అందుకుని, మైక్రోమీటరు పెట్టి, మూడు చోట్లా కొలిచి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె క్రాంకు తీసుకుని తల దించుకుని వచ్చేసింది. క్షమించమని అడగలేదు.

ఇక మూడోసారి ఇవాళ. పొద్దున తిరిగింది, మధ్యాహ్నానికి తిరగలేదు. ఆ మధ్యలో ఇనుము ఒళ్ళు చెయ్యదు కదా!

ఆమె నేలమీద తెల్లకాగితాలు పరిచింది. ముందు రెండుసార్లూ చిరాకులో అన్నీ ఒకేసారి ఊడబీకి కిరసనాయిలు ట్రేలో పడేసింది. ఈసారి అలా చెయ్యదల్చుకోలేదు.

క్రాంకు మూడు చోట్ల ఆనుకుని తిరుగుతుంది. ఒక్కో చోట అర్ధచంద్రుల్లాంటి రెండు బేరింగు ముక్కలు, వాటిమీద ఒక ఇనుప క్యాపు, రెండు బోల్టులు. క్రాంకుకీ బేరింగుకీ మధ్య కంటికి కనపడని సందు ఉంటుంది. అందులోకి ఆయిలు పొర వచ్చి చేరుతుంది. సందు పోయినా, ఆయిలు పోయినా ఇంజను చచ్చినట్టే.

మొదటి క్యాపు వదులు చేసింది. క్రాంకు కదల్లేదు. దాన్ని మళ్ళీ బిగించి రెండోది వదులు చేసింది. ఊహూఁ. అదీ బిగించి మూడోదాని బోల్టులు విప్పింది. రెండో బోల్టు సగం తిరిగిందో లేదో, క్రాంకు ఉయ్యాలలా దానంతటదే ఊగింది.

"మూడోది," అంది ఆమె పైకే.

కుర్చీ దగ్గర పేపరు చప్పుడైంది.

క్యాపు ఎత్తి, అందులోని బేరింగు ముక్కని గోటితో మెల్లిగా తీసి వెలుతురులోకి పట్టుకుంది. లోపలివైపు అద్దంలా ఉంది. తిప్పి చూసింది. వీపు మీద ఆయిలుకి అంటుకుని ఏదో తళుక్కుమంది. సూదిమొనతో లేపింది. వెండిరంగు రేకుముక్క. రెండు మడతలు వేసి, బేరింగు వెడల్పుకి సరిగ్గా సరిపడేలా బ్లేడుతో కోసి పెట్టారు. ఆ రెండు మడతల మందం చాలు, ఉన్న సందు కాస్తా పోయి క్రాంకు గొంతు పట్టెయ్యడానికి. ముందు రెండుసార్లూ ఇలాంటి రేకే ఆ ట్రేలోని మడ్డిలో కలిసిపోయి ఉంటుంది. ఆమె చూసుకోలేదు.

రేకు మడతలు విప్పింది. లోపల నీలిరంగు అచ్చు అక్షరాలు, సగానికి తెగి ఉన్నాయి.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అతికష్టం మీద లేచి, కుర్చీ దాకా నడిచి, తండ్రి చేతిలోని పేపరు లాగి పక్కన పడేసి, అరచెయ్యి చాపింది.

"ఇదేంటి నాన్నా?"

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

"కళ్ళజోడు అక్కర్లేదు. జేబులోది తియ్యి."

ఆయన తియ్యలేదు. ఆమే ఆయన చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ లాగింది. దాని వెనక రేకు ఒకవైపు నీటుగా కోసి ఉంది. తన చేతిలోని ముక్కని దాని పక్కన పెట్టింది. రెండు సగాలూ కలిసి మాత్ర పేరు పూర్తయింది.

"మూడుసార్లూ నువ్వేనా?"

పెద్దమేస్త్రీ వంగి పక్కన పడిన పేపరు అందుకోబోయాడు.

"నిన్నే అడుగుతున్నా!"

"మూడుసార్లూ."

"గ్లాసు పట్టుకోలేవు. అన్నం కలుపుకోలేవు. క్యాపు విప్పి, రేకు పెట్టి, మళ్ళీ కొలత ప్రకారం బిగించడానికి మాత్రం చేతులొచ్చాయా? ఎప్పుడు చేశావు? నేను అన్నానికి ఇంట్లోకి పోయినప్పుడా?"

"పానా పట్టుకుంటే కొంచెం నయంగా ఉంటుంది," అన్నాడు ఆయన చిన్నగొంతుతో.

"నయంగా ఉంటుందా!" చిన్నమేస్త్రీ నవ్వబోయింది గానీ అది నవ్వులా రాలేదు. "మూడు వారాల్నుంచి నేను తిండి మానేసి, నిద్ర మానేసి ఈ ఇనుంతో కుస్తీ పడుతుంటే ఎదురుగా కూర్చుని పేపరు చదివావు. ఆడదాని చేతిలో ఇంజను పెడితే ఇంతే అని ఆ టైర్ల కొట్టువాడు అంటే విన్నావు. ఇందాక ఆవిడ నా మొహాన ఉమ్మేసి పోతే విన్నావు. కంచే చేను మేస్తుంటే ఇంక ఎవరికి చెప్పుకోను? నీ చేతులు పడిపోయాయని నా చేతులు కూడా పడిపోవాలా? అదేనా నీ ఏడుపు?"

ఆ మాటకి ఆయన తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అది మాత్రం కాదే. నీ మీద ఒట్టు. నీ చెయ్యి నా చెయ్యికంటే మంచిదని నాకు తెలుసు."

"మరి?"

"ఆ బండి తిరగకూడదు."

"ఎందుకు తిరగకూడదు?"

"తిరిగితే ఆ పిల్ల కూడా పోతుంది. కొండ ఎక్కేటప్పుడు ఏం కాదు. దిగేటప్పుడు పట్టేస్తుంది. వాళ్ళ నాన్నకి పట్టేసినట్టే."

షెడ్డు బయట ఎవరిదో సైకిలు గొలుసు చప్పుడు చేసుకుంటూ పోయింది. చిన్నమేస్త్రీ ఆ మాటని ఒకటికి రెండుసార్లు లోపల తిప్పి చూసుకుంది.

"పట్టేసిందా? ఇంజను పట్టెయ్యలేదని ఇన్‌స్పెక్టరుకి చెప్పింది నువ్వేగా?"

"నేనే."

"అబద్ధమా?"

పెద్దమేస్త్రీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, వణుకు కనపడకుండా. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. ఇరవై ఆరేళ్ళుగా నోటికి వచ్చి వెనక్కి పోయిన మాటలు కాబట్టి అన్నీ వరసగా ఉన్నాయి. ఇంజను దిమ్మని, అంటే బ్లాకుని, కడిగేటప్పుడు మూడో బేరింగుకి పోయే ఆయిలు దారిలోకి చెత్త పోకూడదని వెనకవైపు నుంచి ఒక గుడ్డపీలిక కుక్కాడు. ఇంతలో భోజనానికి పిలిచారు. తిరిగొచ్చి ఆ దారికి ఇత్తడి బిరడా బిగించేశాడు. ఇంజను కట్టాడు. తిరిగింది. బ్రహ్మాండంగా తిరిగింది. డాక్టరుగారు మెచ్చుకుని తీసుకెళ్ళారు. నాలుగో రోజు వేరే బండికి గుడ్డ కుక్కుతుంటే, అది తీశానా లేదా అన్న అనుమానం వచ్చింది.

"నాలుగో రోజు," అంది చిన్నమేస్త్రీ.

"ఆఁ."

"బండి గోతిలో పడింది ఎనిమిదో రోజు."

"బండి ఎలాగూ ఆయిలు మార్పించడానికి వస్తుంది కదా, అప్పుడు మెల్లిగా చూద్దాం అనుకున్నాను. పిలిచి విప్పుతానంటే ఎందుకంటారు. ఏమని చెప్పను? అంత పేరున్న మేస్త్రీ గుడ్డ మర్చిపోయాడని చెప్పనా? రేపు, ఎల్లుండి అనుకుంటూ..."

"నాలుగు రోజులు! ఒక్క మాట చెబితే డాక్టరుగారు బతికేవారు. మామయ్య జైలుకి పోయేవాడు కాదు. నీ పేరు మాత్రం పోయేది. నీ పేరు!"

"నాకు మాత్రం సుఖంగా ఉందనుకున్నావా ఇన్నేళ్ళూ?"

"సుఖంగా లేవని సన్మానం చెయ్యమంటావా?"

ఆమె ఇందాక విసిరిన పానా ఏరి పక్కన పెట్టింది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

అప్పుడు నిజంగా వచ్చింది చిన్నమేస్త్రీకి కోపం. అప్పటిదాకా వచ్చింది కోపమే కాదనిపించింది. తల్లి పోయి నాలుగేళ్ళయింది. పోయేదాకా తమ్ముడి పేరు ఎత్తనివ్వలేదు. మంచాన పడ్డాక ఒకసారి అతను గుమ్మం దాకా వస్తే, నిద్రపోతుకి నా ఇంట్లో పనేంటని మొహం గోడవైపు తిప్పుకుంది. పెద్దమేస్త్రీ అప్పుడు మంచం పక్కనే కూర్చుని ఆవిడ కాళ్ళు పడుతున్నాడు.

"సొంత తమ్ముణ్ణి గుమ్మంలోంచి పంపించేసింది నాన్నా. వాడివల్ల ఒక ప్రాణం పోయిందని కుమిలి కుమిలి పోయింది. నువ్వు కాళ్ళు పడుతూ విన్నావు. ఎలా విన్నావు?"

ఆయన చేతులు తొడల కింద ఇంకా లోపలికి జరుపుకున్నాడు.

"మొన్న వీధిలో నేను మామయ్యని ఏమన్నానో నీకు తెలుసు. ఇంటికొచ్చి నీకే చెప్పాను. బాగా అడిగావే అన్నావా లేదా?"

"అన్నాను," అన్నాడు పెద్దమేస్త్రీ. అన్నాక రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆమె రేకుముక్కనీ మాత్రల పట్టీనీ ఆయన ఒళ్ళో పడేసి ఇంజను దగ్గరికి వెళ్ళింది. మూడో బేరింగు దగ్గర ఆయిలు రంధ్రంలోకి ఇదివరకు గాలి కొట్టి చూసింది, గాలి బాగానే వచ్చింది. బ్లాకు లేత్ షాపులో కడిగి పంపిందే కదా అని వెనక బిరడా జోలికి పోలేదు. ఆ తప్పు మాత్రం తనదే. పళ్ళు కొరుక్కుంటూ స్టాండు తిప్పి, వెనకవైపు పైకి తెచ్చి, తగిన కీ అందుకుంది.

"వేడి చెయ్యి ముందు," అన్నాడు వెనకనుంచి తండ్రి. ఎప్పుడు లేచి వచ్చాడో. "ఇరవై ఆరేళ్ళ బిరడా అది. వేడి చెయ్యకుండా తిప్పితే కీ విరుగుతుంది."

"నువ్వు నాకు పని చెప్పకు."

కీ పెట్టి బలంకొద్దీ లాగడానికి కాలు ఆన్చింది. లాగింది. అంత బలం అవసరం లేకపోయింది. బిరడా వెన్నలో కత్తిలా తిరిగి, మూడు చుట్లకి చేతిలోకి వచ్చేసింది. దాని మరల చుట్టూ తెల్లటి సీలింగు పేస్టు. ఇంకా మెత్తగానే ఉంది.

తండ్రీకూతుళ్ళిద్దరూ ఆ బిరడా వైపు చూశారు.

ఆమె పొడుగు తీగ ఒకటి తీసుకుని ఆ దారిలోకి పోనిచ్చింది. ఆ చివర దీపం పెట్టి ఈ చివర కన్ను పెట్టి చూసింది. దారి అద్దంలా శుభ్రంగా ఉంది. గుడ్డ కాదు కదా, దారప్పోగు లేదు.

"లేదు," అంది. "నువ్వు రేకులు పెట్టి ఆపాల్సిన పనే లేదు. ఈ ఇంజను నిక్షేపంగా తిరిగేది. ఎవరో ముందే తీసేశారు."

"ఎవరు?" అన్నాడు పెద్దమేస్త్రీ. అన్నాడే గానీ ఆయనకీ తెలుసు. ఆ బ్లాకు ఈ షెడ్డు దాటి ఒక్కచోటికే వెళ్ళింది. "వాడికి దొరికుంటే ఊరుకుంటాడా? ఊరంతా చాటింపు వేసేవాడు కదా! వాడు నోరు మెదపలేదంటే గుడ్డ ఇంకా లోపలే ఉందనుకున్నాను. బిరడా వేడి చేసి విప్పడం ఈ చేతులతో అయ్యే పని కాదు."

"మనుషులందరూ నీలాగే లెక్క వేస్తారనుకున్నావు."

చిన్నమేస్త్రీ చేతులు సబ్బుతో కడుక్కుంది. తుడుచుకోకుండానే వ్యాను తాళాలు తీసుకుంది.

"నేను మామయ్య దగ్గరికి పోతున్నా. డాక్టరమ్మ సాయంత్రం ఆరింటిదాకా క్లినిక్కులోనే ఉంటుంది. రెండు వీధుల అవతల. నువ్వే వెళ్ళి నీ నోటితో చెప్పాలి. ఆరింటికల్లా చెప్పకపోతే నేను చెబుతా. నేను చెబితే మాత్రం నీ గురించి ఒక్క మంచిమాట కూడా కలపను."

"అమ్మాయ్..."

"ఆరు," అంది గుమ్మం దాటుతూ.

లేత్ షాపు ఒక ఇరుకు గది. నేలంతా వెండిరంగు ఇనుప చుట్టలు, చెప్పులు లేకుండా నడిస్తే పాదం తెగుతుంది. లేత్ మామయ్య ఏదో షాఫ్టు చెక్కుతున్నాడు. ఆమెని చూసి కూడా మిషను ఆపలేదు. కొస వరకూ చెక్కి, పనిముట్టు వెనక్కి లాగి, అప్పుడు స్విచ్చి నొక్కాడు.

"ఈసారి ఏం పాడుచేశాను కోడలుపిల్లా?"

ఆమె దారి పొడుగునా క్షమాపణలు కూడబలుక్కుంటూ వచ్చింది. తీరా అతని మొహం చూసేసరికి అవన్నీ పోయి మళ్ళీ కోపమే వచ్చింది.

"బిరడా తీసింది నువ్వేగా?"

లేత్ మామయ్య కాలు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, సొరుగు లాగి, పాత గ్రీజు డబ్బా ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మూత తీసింది. లోపల నల్లగా, గట్టిగా, ఎండిన జలగలాంటిది ఒకటి. వేలెడు పొడవు కూడా లేదు.

"కడిగేటప్పుడు చిమ్మే నీళ్ళలో బయటికొచ్చింది. చూడగానే అర్థమైంది," అన్నాడు. "కింద కూర్చుండిపోయాను చాలాసేపు. నేను నిద్రపోలేదని నాకు తెలుసు. కానీ ఇంతమంది ఇన్నేళ్ళు అంటుంటే, ఏమో, కన్ను మూతపడిందేమో అని నాకే అనుమానం వచ్చేది. ఆ రోజు పోయింది ఆ అనుమానం."

"మరి ఎందుకు చెప్పలేదు? నేను వీధిలో నిలబడి అన్ని మాటలంటే ఇది నా మొహాన కొట్టొచ్చుగా! ఎందుకు ఊరుకున్నావు?"

"నాకు కోపం రాలేదనుకుంటున్నావా? రెండు రోజులు ముద్ద మింగుడు పడలేదు. నువ్వు చిన్నప్పుడు నా వీపెక్కి ఆడినదానివి. నీ నోటివెంట ఆ మాట!" అతని గొంతు ఒక్కసారి లేచి, మళ్ళీ దిగింది. "కానీ చెప్పి ఏం లాభం? అప్పుడు చెప్పాను, ఎవరు విన్నారు? డ్రైవరు మాట ఎవడికి కావాలి? ఇప్పుడు ఈ గుడ్డ చూపిస్తే, నువ్వే పెట్టి తెచ్చావంటారు. ఈ మాట చెప్పాల్సిన నోరు ఒక్కటే ఉంది. అందుకే బిరడా మళ్ళీ బిగిస్తూ తెల్ల పేస్టు కావాలనే దిట్టంగా పూశాను. బావ కంటపడుతుంది, చూసి వస్తాడు, గుమ్మంలో నిలబడి ఒక్కమాట అంటాడు అనుకున్నాను. మూడు వారాలు చూశాను."

"చూడలేదు. ఆయన కళ్ళు మూడో బేరింగు దాటి పోలేదు." జరిగింది అంతా చెప్పింది. రేకు సంగతీ, నాలుగో రోజు సంగతీ.

నాలుగో రోజు అన్న మాట దగ్గర లేత్ మామయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"ముందే తెలుసా?" అన్నాడు. "నేను పోయేముందే తెలుసా? ఆ పొద్దున బండి తీస్తుంటే షెడ్డు ముందే ఆగాను కోడలుపిల్లా. టైర్లో గాలి కొట్టించుకున్నాను. మీ నాన్నే కొట్టాడు. జాగ్రత్తగా పోరా అన్నాడు."

చిన్నమేస్త్రీ చేతిలో డబ్బా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కాసేపటికి, "తప్పయిపోయింది మామయ్యా," అంది. "నేనన్న మాట."

"నీ తప్పు పక్కన పెట్టు. అది చిన్నది."

అప్పుడే ఆమె ఫోను మోగింది. డాక్టరమ్మ. టైము ఐదున్నర.

వెళ్ళాడు, అనుకుంది చిన్నమేస్త్రీ. ఎంత కోపంలో ఉన్నా గుండెలో ఒక మూల కాస్త చల్లబడింది. వెళ్ళి చెప్పాడు.

"మేస్త్రీగారూ, మీ నాన్నగారు నా దగ్గరున్నారు," అంటోంది డాక్టరమ్మ. గొంతు పెద్దది, ఫోను చెవికి ఆనించకపోయినా గదంతా వినపడుతోంది. "ఒకటే చెమటలు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఇందాక మిమ్మల్ని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంజను మూడుసార్లు పట్టెయ్యడంలో మీ తప్పేమీ లేదంటున్నారు."

"అవునండీ. నాన్న మిగతాది కూడా చెప్పాడా?"

"చెప్పారు. ఆ లేత్ మనిషే కావాలని పాడుచేశాడట కదా! పాత కేసు కక్షతో బేరింగు వెనక రేకులు పెట్టాడట. రేకు కూడా చూపించారు. మా నాన్నని చంపింది చాలక నన్నూ అదే కొండమీద చంపాలనుకున్నాడన్నమాట. నేను కంప్లైంటు రాస్తున్నాను. స్టేషనుకి పంపేముందు మీ నోటితో ఒకమాట వినాలని చేశాను. ఇది నిజమేనా?"

ఎదురుగా లేత్ మామయ్య. ప్రతి అక్షరం విన్నాడు. అతని మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

"కాదు," అంది ఫోనులో. "పచ్చి అబద్ధం."

"మరి మీ నాన్నగారు..."

"ఆయన్ని అక్కడే కూర్చోబెట్టండి డాక్టరమ్మా. లేస్తానంటే తలుపు గడియ పెట్టండి. కంప్లైంటు చించకండి, పేరు మాత్రం ఖాళీ వదిలెయ్యండి. పది నిమిషాల్లో వస్తున్నాం."

"వస్తున్నామంటే ఎవరెవరు?"

ఆమె ఫోను పెట్టేసింది. లేత్ మామయ్య అప్పటికే చేతులు తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న మంచి చొక్కా తొడుక్కుంటున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటీ నింపాదిగా పెట్టుకున్నాడు. గ్రీజు డబ్బా ఆమె చేతిలోంచి తీసుకుని మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మా అక్క పోయినప్పుడు కూడా వీధి చివర నిలబడి వెనక్కి పోయాను," అన్నాడు. "ఇవాళ పోను."

బయటికొచ్చి షాపుకి తాళం వేసి, వ్యాను ముందు ఆగి ఆమెవైపు చెయ్యి చాపాడు. జైలు నుంచి వచ్చింది మొదలు ఏ బండి స్టీరింగూ ముట్టని మనిషి.

"తాళాలు ఇటియ్యి. నేను నడుపుతాను."

"నీ లైసెన్సు రద్దు చేశారు కదా మామయ్యా!"

"చేశారు. పోలీసులు ఆపితే ఎందుకు చేశారో ఇవాళ మీ నాన్నే చెబుతాడు. ఎక్కు."